బోనులో చోటు చాలని న్యాయం: నూట మూడేళ్లు బతికిన బెంజమిన్ ఫెరెంజ్

సంక్షిప్తంగా: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడిగా పోరాడి, 27 ఏళ్లకే నాజీలపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణల్లో ఒకదానిలో ప్రధాన ప్రాసిక్యూటర్‌గా వాదించిన యూదు న్యాయవాది బెంజమిన్ ఫెరెంజ్ 2023 ఏప్రిల్ 7న మరణించారు. సంస్మరణ కథనాల్లో అధిక భాగం ఆ ఒక్క విచారణకే దక్కింది. నిజానికి ఆ విచారణలో పూడకుండా మిగిలిన గుంతలను పూడ్చే పనిలోనే ఆయన మిగతా జీవితం గడిచింది. ఉక్రెయిన్ యుద్ధం విషయంలో ఏ కోర్టు దేన్ని విచారించగలదన్న నేటి గందరగోళం కూడా ఆ గుంతల్లో ఒకటే.

ఒక వారంటు, ఒక మరణం

2023 మార్చి 17న హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానం రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై అరెస్టు వారంటు జారీ చేసింది. ఆక్రమిత ఉక్రెయిన్ ప్రాంతాల నుంచి పిల్లలను చట్టవిరుద్ధంగా తరలించారన్నది అందులోని ఆరోపణ. పొరుగు దేశంపై యుద్ధం మొదలుపెట్టారన్న ఆరోపణ మాత్రం అందులో లేదు. చాలామంది పాఠకులు తికమకపడింది ఇక్కడే. లక్షల సైన్యాన్ని సరిహద్దు దాటించడం నేరం కాకుండా, పిల్లల తరలింపు మాత్రమే ఎలా నేరమైంది?

అదే హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానంతో దీన్ని కలిపేయడం వల్ల తికమక ఇంకా పెరిగింది. ఐక్యరాజ్య సమితికి చెందిన ఆ కోర్టు దేశాల మధ్య వివాదాలను తీర్చుతుంది. కులభూషణ్ జాధవ్ వ్యవహారంలో భారత్, పాకిస్తాన్ వాదించుకున్నది అక్కడే. క్రిమినల్ న్యాయస్థానం వేరు. అది వ్యక్తులను విచారిస్తుంది, జైలుకు పంపుతుంది.

పుతిన్ వారంటు వెలువడిన మూడు వారాలకు ఫ్లోరిడాలోని బాయింటన్ బీచ్‌లో ఫెరెంజ్ కన్నుమూశారు. న్యూరెంబర్గ్ ప్రాసిక్యూటర్లలో అప్పటికి జీవించి ఉన్నది ఆయన ఒక్కరే. ‘యుద్ధం మొదలుపెట్టడమే నేరంగా చట్టంలో ఉండాలి’ అని అంత పట్టుదలగా, అంత కాలం వాదించిన మనిషి మరొకరు లేరు. ఆ వారంటులో లేని అంశమే ఆయన జీవితంలోని ప్రధానాంశం.

యూదు సైనికుడు అనగానే భారతీయ పాఠకులకు ముందుగా గుర్తొచ్చేది 1971 ఢాకా లొంగుబాటులో కీలకపాత్ర వహించిన లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్. కలకత్తా బాగ్దాదీ యూదు కుటుంబంలో పుట్టిన జాకబ్ మూడున్నర దశాబ్దాలకు పైగా సైనికుడు. ఫెరెంజ్ యూనిఫాం వేసుకున్నది మూడేళ్లలోపే. అయినా తర్వాతి ఏడున్నర దశాబ్దాలు ఏం చేయాలో ఆ కొద్దికాలమే తేల్చేసింది.

జీపులో తిరిగిన సాక్ష్యాధారాలు

ఫెరెంజ్ 1920 మార్చి 11న ట్రాన్సిల్వేనియాలో పుట్టారు. అంతకు కొద్దికాలం ముందు వరకు హంగరీ ఏలుబడిలో ఉండి, అప్పుడే రుమేనియా చేతికి వచ్చిన ప్రాంతమది. యూదులను రెండు ప్రభుత్వాలూ మంచిగా చూడలేదు. బిడ్డకు పది నెలలు నిండేసరికి కుటుంబం ఓడెక్కి న్యూయార్క్ చేరింది. తండ్రి చేత్తో బూట్లు కుట్టే పనివాడు. అమెరికాలో ఆ పనికి గిరాకీ లేక, హెల్స్ కిచెన్ అనే పేద వాడలో అద్దె భవనాలకు కాపలాదారుగా, ఊడ్చి తుడిచే మనిషిగా కుదురుకున్నాడు. ఇంట్లో మాట ఐరోపా యూదుల భాష యిద్దిష్. ఫీజులేని సిటీ కాలేజీలో చదివిన ఆ పిల్లవాడు స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ లా స్కూలుకు వెళ్లాడు. అక్కడ యుద్ధ నేరాలపై పుస్తకం రాస్తున్న ఆచార్యుడు షెల్డన్ గ్లూక్ దగ్గర పరిశోధన సహాయకుడిగా కుదిరాడు. తర్వాతి కథ మొత్తానికి ఆధారం ఆ చిన్న ఉద్యోగమే.

1943లో పట్టా పుచ్చుకుని సైన్యంలో చేరితే, సైన్యం ఆయన చదువును పట్టించుకోలేదు. విమాన నిరోధక ఫిరంగి దళంలో మామూలు సిపాయిగా వేసింది. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగి, జర్మన్ల చివరి పెద్ద ఎదురుదాడి అయిన బల్జ్ పోరు దాకా ఆ దళంతోనే నడిచారు. యుద్ధాల్లో పాల్గొన్నందుకు ఇచ్చే సమర తారలు ఐదు దక్కాయి. జర్మనీలో నిర్బంధ శిబిరాలు బయటపడుతున్న కొద్దీ జనరల్ ప్యాటన్ మూడో సైన్యానికి యుద్ధ నేరాల విభాగం అవసరమైంది. ఆ విషయం చదివిన సిపాయి ఎవరైనా ఉన్నారా అని వెతికితే తేలిన పేరు ఫెరెంజ్.

ఇక్కడి పని తీరును కాస్త నింపాదిగా చూడాలి. బుకెన్‌వాల్డ్, మౌథౌజెన్, ఫ్లోసెన్‌బుర్గ్, ఎబెన్‌జే శిబిరాలకు వీలైనంత త్వరగా చేరుకోవడం. ముందుగా కార్యాలయ గదిని స్వాధీనం చేసుకోవడం. మరణాల రిజిస్టర్లు, రాకపోకల పట్టీలు, సిబ్బంది జాబితాలు చేతికందించుకోవడం. బతికున్నవారి వాంగ్మూలాలు రాసుకోవడం. అన్నీ కలిపి నివేదిక టైపు చేయడం. శవాల గుట్టల మధ్య కాగితాలు వెతకడం కఠినంగా అనిపించవచ్చు. కానీ సాక్షి చనిపోవచ్చు, మాట మార్చవచ్చు, భయపడవచ్చు. నేరస్థుడు స్వహస్తంతో నింపిన రిజిస్టరు మాట మార్చదు. ఫెరెంజ్ న్యాయవాదిగా చేసిన పని మొత్తానికి పునాది ఈ పాఠమే. 1945 చివర సార్జెంట్ హోదాలో సైన్యం నుంచి బయటికొచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో దాదాపు ఐదున్నర లక్షల మంది యూదులు పనిచేశారు. మాజీ సైనికుల కోసం 1944లో తెచ్చిన జీఐ చట్టం కింద ప్రభుత్వ ఖర్చుతో చదువుకుని, ఇంటి రుణం తీసుకుని, శివారు పట్టణాల్లో సంసారాలు పెట్టుకోవడం ఆ తరంలో ఎక్కువమంది నడిచిన దారి. ఫెరెంజ్ దారి మాత్రం తిరిగి జర్మనీకే వెళ్లింది.

కూడికల యంత్రం ఆగిన చోటు

నాజీ ప్రధాన నాయకుల విచారణ 1946లో ముగిశాక, అదే న్యూరెంబర్గ్‌లో అమెరికా మరో 12 విచారణలు జరిపింది. వాటికి నాయకత్వం వహించిన టెల్ఫర్డ్ టేలర్, నాజీ పత్రాలు వెతికే బృందాన్ని ఫెరెంజ్‌కు అప్పగించి బెర్లిన్ పంపారు. అక్కడ ఆ బృందంలోని ఒక పరిశోధకుడికి ఐన్‌జాట్స్‌గ్రుప్పెన్ దళాల నివేదికల కట్టలు దొరికాయి.

1941 జూన్ 22న సోవియట్ యూనియన్‌పై దాడి మొదలైనప్పుడు జర్మన్ సైన్యం వెనుక నడిచిన నాలుగు ప్రత్యేక దళాలవి. మొత్తం సుమారు 3,000 మంది. ఊరూరా యూదులను, రోమా (జిప్సీ) జనాన్ని, కమ్యూనిస్టు అధికారులను పోగుచేసి కాల్చి చంపడం వాటి పని. ఏ ఊళ్లో ఎంతమందిని చంపారో బెర్లిన్‌కు నివేదికలు పంపేవారు. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ దగ్గర బాబీ యార్ లోయలో 33,771 మంది యూదులను చంపినట్టు, చివరి అంకె దాకా లెక్క అందులో ఉంది. ఫెరెంజ్ చిన్న కూడికల యంత్రం ముందు పెట్టుకుని ఆ సంఖ్యలు కూడుతూ పోయారు. మొత్తం పది లక్షలు దాటాక కూడడం ఆపి, న్యూరెంబర్గ్‌కు వెళ్లి టేలర్ ముందు ఆ కాగితాలు పెట్టారు.

టేలర్ దగ్గర అదనపు డబ్బూ లేదు, న్యాయవాదులూ లేరు. ఉన్న పనికి తోడు ఇది కూడా చేయగలవా అని అడిగితే ఫెరెంజ్ సరేనన్నారు. అప్పటికి ఆయన కోర్టులో ఒక్క కేసైనా వాదించలేదు.

విచారణ 1947 సెప్టెంబరు 29న మొదలైంది. బాబీ యార్ హత్యాకాండకు సరిగ్గా ఆరేళ్లు. ప్రాసిక్యూషన్ ఒక్క సాక్షినీ పిలవకుండా, పత్రాలు మాత్రమే చూపి రెండు రోజుల్లో తన వాదన ముగించింది. ప్రతీకారం తమ లక్ష్యం కాదని ఫెరెంజ్ ప్రారంభ ప్రసంగంలోనే చెప్పారు. ‘జాతిహననం’ అనే మాటనూ అందులో వాడారు. పోలండ్ యూదు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ సృష్టించిన ఆ పదానికి అప్పటికింకా చట్టంలో చోటు లేదు. జాతిహనన ఒడంబడిక వచ్చింది 1948 డిసెంబరులో.

బోను ఎక్కిన 22 మందీ దోషులని జడ్జి మైఖేల్ ముస్మానో నాయకత్వంలోని ధర్మాసనం 1948 ఏప్రిల్‌లో తేల్చింది. 14 మందికి మరణశిక్ష పడింది.

తీర్పులో మిగిలిన మూడు గుంతలు

గెలుపుగా చరిత్రకెక్కిన ఈ కేసును ఫెరెంజ్ అలా చూడలేదని ఆయన రాతలు, ఉపన్యాసాలు చదివితే తెలుస్తుంది.

మొదటిది సంఖ్య. 3,000 మందిలో విచారణకు వచ్చింది రెండు డజన్ల లోపే. ఎందుకంటే బోనులో ఉన్న కుర్చీలు అన్నే. నవ్వాలో ఏడవాలో తెలియని ఈ కారణాన్ని ఆయనే పలుమార్లు చెప్పారు. హోదా, చదువు, చేతికి చిక్కి ఉండటం చూసి నిందితులను ఎంచుకున్నారు. మిగతావారిలో అత్యధికులు మామూలు పౌరుల్లో కలిసిపోయారు. పడిన శిక్షలూ నిలవలేదు. కొరియా యుద్ధం, పశ్చిమ జర్మనీని మిత్రదేశంగా మలచుకోవలసిన అవసరం కలిసి, 1951 జనవరిలో అమెరికా హై కమిషనర్ జాన్ మెక్లాయ్ చాలా శిక్షలు తగ్గించారు. ఈ కేసులో ఉరికంబం ఎక్కింది నలుగురే. జైల్లో మిగిలినవారు 1958 నాటికి అందరూ విడుదలయ్యారు.

రెండోది బాధితులు. బతికి బయటపడినవారికి ఆ తీర్పుతో ఇల్లు తిరిగి రాలేదు, జీవనాధారమూ దొరకలేదు. చంపినవాడికి శిక్ష వేయడంతోనే పని అయిపోయిందనుకునే క్రిమినల్ చట్టంలో వాళ్లకు స్థానమే లేదు.

మూడోది అన్నిటికంటే లోతైనది. 90,000 మంది హత్యకు బాధ్యత ఒప్పుకున్న నిందితుడు ఓటో ఓలెన్‌డార్ఫ్ చదువుకున్న ఆర్థికవేత్త, ఐదుగురు పిల్లల తండ్రి. సోవియట్లు దాడి చేయబోతున్నారని హిట్లర్‌కు తెలుసు కాబట్టి తాము ముందే దెబ్బతీశామని, పిల్లలను వదిలితే పెద్దయ్యాక శత్రువులవుతారని ఆయన కోర్టులో వాదించారు. ముందస్తు ఆత్మరక్షణ అనే తర్కాన్ని చివరి దాకా లాగితే అది పసిపిల్లల గోతి దగ్గర ఆగుతుందని ఆ వాంగ్మూలం చూపించింది. తీర్పు తర్వాత ఫెరెంజ్ ఆయనను కలిసి, ఇంటివారికి ఏదైనా చెప్పాలా అన్న ధోరణిలో అడిగితే, మీరు చేసిన పనికి అమెరికాలోని యూదులు అనుభవిస్తారన్న హెచ్చరికే జవాబుగా వచ్చింది. యుద్ధమే మామూలు మనుషులను హంతకులుగా మారుస్తుందని, యుద్ధం మొదలుపెట్టడాన్ని ఆపకుండా యుద్ధ నేరాలను మాత్రమే శిక్షిస్తే చాలదని ఫెరెంజ్ కడదాకా నమ్మడానికి మూలం ఇక్కడుంది.

న్యూరెంబర్గ్‌లో ఒక సంసారం

1946లో గెర్ట్రూడ్‌ను పెళ్లాడిన కొద్ది రోజులకే జర్మనీ పిలుపు వచ్చింది. కొన్నాళ్లు ఐరోపాలో విహరించి వద్దామా అని భార్యను అడిగానని, నలుగురు పిల్లలతో పదేళ్ల తర్వాత తిరిగొచ్చామని ఆయన సరదాగా చెప్పుకునేవారు. ఆ నలుగురూ పుట్టింది న్యూరెంబర్గ్‌లోనే. యూదుల పౌరసత్వం లాగేసిన 1935 చట్టాలు ప్రకటించిన నగరంలో, ఆ చట్టాలు తెచ్చిన పాలకులకు శిక్షలు పడ్డాక, ఒక యూదు కుటుంబం పిల్లలను పెంచింది. సంస్మరణ కథనాలు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటేశాయి గానీ, ఆ పదేళ్ల పని స్వభావాన్ని ఇది బాగా వివరిస్తుంది. కేసు వాదించి విమానం ఎక్కేసే న్యాయవాదికి నష్టపరిహారం లాంటి నత్తనడక పని సాగదు.

1948లో ఆయన యూదుల ఆస్తుల పునరుద్ధరణ సంస్థకు అధిపతి అయ్యారు. నాజీలు లాక్కున్న ఆస్తిని అసలు యజమానికి తిరిగి ఇవ్వాలని అమెరికా సైనిక ప్రభుత్వం 1947లో 59వ చట్టం తెచ్చింది. మరి యజమానితో పాటు వారసులందరూ హతమైపోతే? మామూలుగా అలాంటి ఆస్తి ప్రభుత్వపరం కావాలి. చంపిన ప్రభుత్వానికే చచ్చినవారి ఆస్తి దక్కడం అన్యాయం కనుక, ఈ సంస్థను వారసుల స్థానంలో నిలబెట్టారు. భూముల రికార్డులు తిరగేసి, గడువు తేదీ దాటకముందే దావాలు వేసి, వచ్చిన సొమ్మును బతికున్నవారి పునరావాసానికి మళ్లించారు. కాపాడే దిక్కులేని యూదు శ్మశానాల బాగోగులు కూడా ఆ పనిలో భాగమే.

తర్వాతి మెట్టు 1952 సెప్టెంబరు 10 నాటి లక్సెంబర్గ్ ఒప్పందం. దాని ప్రకారం పశ్చిమ జర్మనీ ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు, యూదు సంస్థల సమాఖ్యకు 45 కోట్ల మార్కులు ఇవ్వాలి. ఈ ఒప్పందాన్ని కుదిర్చిన బృందంలో ఫెరెంజ్ కూడా ఉన్నారు. ఆ డబ్బు తీసుకోవడం అంటే రక్తానికి వెలకట్టడమేనని ఇజ్రాయెల్‌లో తీవ్ర నిరసనలు జరిగాయి. యుద్ధంలో ఓడిన దేశం గెలిచిన దేశానికి పరిహారం చెల్లించడం పాత ఆచారం. ఇక్కడ నేరం జరిగినప్పుడు ఉనికిలోనే లేని దేశానికి, విడి విడి వ్యక్తులకు చెల్లించారు.

బానిస చాకిరీ చేయించుకున్న కంపెనీల దగ్గర మాత్రం ఈ ఒరవడి అంత సాగలేదు. నాజీల మరణ శిబిరం ఔష్విట్జ్‌లో పనిచేయించుకున్న రసాయన కంపెనీ ఐజీ ఫార్బెన్ తరఫువారు 1957లో 3 కోట్ల మార్కులకు ఒప్పుకున్నారు. ఉక్కు పరిశ్రమల ఫ్లిక్ సంస్థల అధినేత రాజీకి రాకుండానే 1972లో చనిపోయారు. జర్మన్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి 1,000 కోట్ల మార్కుల నిధి పెట్టేసరికి 2000 సంవత్సరం వచ్చింది. అప్పటికి అర్హుల్లో అధికులు బతికి లేరు.

రాధావినోద్ పాల్ ప్రశ్న

యుద్ధం మొదలుపెట్టడమే నేరమా అన్న ఆ మూడో గుంత దగ్గర ఒక భారతీయుడి ప్రస్తావన తప్పదు. న్యూరెంబర్గ్‌కు సమాంతరంగా టోక్యోలో జపాన్ నాయకులపై జరిగిన విచారణలో 11 మంది జడ్జిల్లో ఒకరు బెంగాల్‌కు చెందిన రాధావినోద్ పాల్. 1948 నాటి సుదీర్ఘ భిన్నాభిప్రాయ తీర్పులో ఆయన నిందితులందరూ నిర్దోషులన్నారు. జపాన్ సైన్యం అఘాయిత్యాలు చేయలేదని కాదు ఆయన వాదన. దురాక్రమణ యుద్ధం నేరమని అది జరిగిన నాటికి ఏ చట్టమూ చెప్పలేదు. జరిగాక చట్టం రాసి శిక్షించడం గెలిచినవాడి న్యాయం. వలసలు ఏలుతున్న దేశాలు, అణుబాంబు వేసిన దేశం ఆ కుర్చీల్లో కూర్చోవడం మరీ విడ్డూరం. వాదనకు ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు ఉన్నట్టు కనిపించే పాల్, ఫెరెంజ్ నిజానికి ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూశారు. చట్టం లేదు కనుక శిక్ష వద్దన్నారు పాల్. చట్టం లేకపోతే రాసి, అందరికీ ముందే చెప్పి, తర్వాత అమలు చేద్దామన్నది ఫెరెంజ్ దారి.

1956లో అమెరికా తిరిగొచ్చి టేలర్‌తో కలిసి వకీలుగా స్థిరపడ్డాక, వియత్నాం యుద్ధం సాగుతున్న 1970 ప్రాంతంలో, యాభై ఏళ్ల వయసులో ప్రాక్టీసు నుంచి క్రమంగా తప్పుకున్నారు. ఏ పదవీ లేకుండా ఐక్యరాజ్య సమితి కమిటీ గదుల వెనుక వరుసల్లో కూర్చుని, దురాక్రమణకు నిర్వచనం రాసే చర్చలను వెంటాడారు. 1974 డిసెంబరు 14న సర్వసభ్య సమావేశం 3314వ తీర్మానంగా ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. అప్పటికి దాన్ని అమలు చేసే కోర్టు లేదు. మరుసటేడాది ఆ చర్చల పత్రాలన్నీ కూర్చి ఆయన రెండు సంపుటాలు ప్రచురించారు.

కోర్టు వచ్చింది, తలుపు మూసి ఉంది

యుగోస్లావియా, రువాండా హత్యాకాండల తర్వాత దేశాలు కదిలాయి. 1998 జూలై 17న రోమ్‌లో 120 దేశాలు శాశ్వత న్యాయస్థాన శాసనానికి ఓటు వేశాయి, 7 వ్యతిరేకించాయి, భారత్ సహా 21 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. కేసులను పంపే, ఆపే అధికారం భద్రతా మండలికి ఇవ్వడం, నిషిద్ధ ఆయుధాల్లో అణ్వాయుధాలను చేర్చకపోవడం, ఉగ్రవాదాన్ని విడిచిపెట్టడం భారత్ అభ్యంతరాలు. భారత్ ఇప్పటికీ సభ్య దేశం కాదు. అమెరికా కథ ఇంకా మెలికలది. సంతకం చేయమంటూ మాజీ రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారాతో కలిసి ఫెరెంజ్ 2000 డిసెంబరులో వ్యాసం రాశారు. ఆ నెలాఖరు రోజున క్లింటన్ సంతకం పెట్టారు. 2002లో బుష్ ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. అమెరికా సైనికులను ఆ కోర్టు నుంచి విడిపించడానికి అవసరమైతే బలం వాడేందుకు వీలిచ్చే చట్టమూ అదే ఏడాది వచ్చింది. ఆ సైన్యపు పాత సార్జెంట్ ఒకరు ఆ కోర్టు కోసం ఊరూరా ప్రచారం చేస్తుండగానే.

కాంగో సాయుధ నాయకుడు థామస్ లుబాంగా ఆ కోర్టు మొదటి ముద్దాయి. బాల సైనికులను చేర్చుకున్నారన్న ఆ కేసులో 2011 ఆగస్టున ప్రాసిక్యూషన్ ముగింపు వాదనలో కొంత భాగాన్ని 91 ఏళ్ల ఫెరెంజ్ వినిపించారు.

దురాక్రమణ మాత్రం రోమ్‌లో పేరుకే చట్టంలోకెక్కింది. నిర్వచనం తర్వాత చూద్దామని వదిలేశారు. 2010లో ఉగాండాలోని కంపాలాలో జరిగిన ఆ కోర్టు సభ్య దేశాల సదస్సు 1974 నాటి తీర్మానం ఆధారంగానే నిర్వచనం ఇచ్చింది. అధికారం 2018 జూలై 17న అమల్లోకి వచ్చింది. కానీ శక్తిమంతమైన దేశాల ఒత్తిడితో ఒక ఇనుప గడియ పడింది. యుద్ధ నేరాలు సభ్య దేశపు గడ్డపై జరిగినా, 2023 నాటి ఉక్రెయిన్‌లా సభ్యత్వం లేకున్నా కోర్టు అధికారాన్ని ఒప్పుకున్న దేశపు గడ్డపై జరిగినా, చేసినవాడు ఏ దేశస్థుడైనా కోర్టు విచారించవచ్చు. దురాక్రమణ విషయంలో అలా కాదు. దాడి చేసిన దేశం సభ్యురాలు కాకపోతే కోర్టు చేతులు కట్టేసినట్టే. భద్రతా మండలి పంపితే చేయవచ్చు గానీ, రష్యాకు అక్కడ వీటో ఉంది. పుతిన్ వారంటులో పిల్లల తరలింపు ఉండి, యుద్ధం లేకపోవడానికి కారణం ఇదే.

కుటుంబం, ఆస్తి, మిగిలిన పని

ఆయనకు గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది. హేగ్‌లో శాంతి భవనం పక్కన ఒక బాటకు 2017లో ఆయన పేరు పెట్టారు. అమెరికా కాంగ్రెస్ స్వర్ణ పతకం ఇచ్చే చట్టం 2022 డిసెంబరులో వచ్చింది. అప్పటికి ఆయనకు 102 ఏళ్లు. గెర్ట్రూడ్ 2019లో, డెబ్బై ఏళ్లకు పైబడిన దాంపత్యం తర్వాత మరణించారు. కొడుకుతో కలిసి 1996లో ప్లానెట్‌హుడ్ ఫౌండేషన్ ఏర్పాటు చేశారు. కొడుకూ న్యాయవాదే, దురాక్రమణ చట్టంపైనే పనిచేశారు. 2016లో వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ (నాజీల యూదు సంహారం) స్మారక మ్యూజియానికి ఏటా పది లక్షల డాలర్ల చొప్పున, కోటి డాలర్ల దాకా ఇస్తామని మాటిచ్చారు. సొంతానికి పెద్దగా ఖర్చు పెట్టుకోని మనిషి కూడబెట్టిన సొమ్ములో పెద్ద వాటా అంతర్జాతీయ న్యాయానికే వెళ్లింది.

ఆయన పోయాక గడియ తీసే ప్రయత్నం వేరే దారిలో ముందుకు సాగింది. క్రిమినల్ న్యాయస్థానం శాసనాన్ని మార్చడం కష్టం కనుక, ఉక్రెయిన్‌పై దురాక్రమణను మాత్రమే విచారించే ప్రత్యేక ట్రిబ్యునల్ కోసం 2025 జూన్ 25న స్ట్రాస్‌బుర్గ్‌లో జెలెన్‌స్కీ, ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ అయిన ఐరోపా మండలి ప్రధాన కార్యదర్శి అలైన్ బెర్సే సంతకాలు చేశారు. ఒక యుద్ధానికి ఒక కోర్టు అనే ఈ పద్ధతి 1945 నాటిదే. పాల్ వేసిన ప్రశ్న మళ్లీ తలెత్తకుండా ఉండాలంటే కోర్టు ముందే ఉండాలి, అందరికీ ఒకటే ఉండాలి అన్నది ఫెరెంజ్ వాదన; కొత్త ట్రిబ్యునల్ అందులో సగమే తీరుస్తుంది. దేశాధినేత, ప్రధానమంత్రి, విదేశాంగ మంత్రి పదవిలో ఉన్నంత కాలం వారు లేకుండా వారి విచారణ సాగదన్న నిబంధన కూడా అందులో ఉంది.